జీతం పెరగాలనుకోవడం అత్యాశ అవుతుందా?

ప్రశ్న: నా వయసు 39. మాది తెనాలి దగ్గర ఒక పల్లె. నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరయ్యారు. నా ఇంజనీరింగ్ చదువుకు, అక్క పెళ్లికి ఆయన నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీరడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 2009లో హైదరాబాద్ వచ్చి నెలకు 18,000 జీతంతో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను. అందులోంచి 6,000 ఇంటికి పంపేవాణ్ణి. ఇప్పటికంటే అప్పుడే సంతోషంగా ఉండేవాణ్ణని అనిపిస్తుంది. ఇప్పుడు ఏడాదికి 28 లక్షలు వస్తోంది. ఆఫీసుకు, ప్రయాణానికి కలిపి రోజుకు పది గంటలు పోతాయి. నిజాంపేటలో సొంత ఫ్లాట్ ఉంది, దాని లోను తీరిపోయింది. నిరుడు అమ్మకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ చేయించాను; ఎవరి దగ్గరా చేయి చాచలేదు. ఆమె ఇప్పుడు మేడ మీదకు వెళ్లి వడియాలు పెట్టుకుంటోంది.

నానక్‌రామ్‌గూడలోని ఒక కంపెనీ నాకు 42 లక్షలు ఇస్తామంటోంది. వారంలో అయిదు రోజులూ రాత్రి 8 నుంచి 11 దాకా అమెరికా బృందంతో కాల్స్ ఉంటాయి. రానూపోనూ ప్రయాణం మరో గంట పెరుగుతుంది. ఆ జీతం మీద ధైర్యంతో ఈ ఫ్లాట్ అమ్మి, పైన కోటి రూపాయల లోను తీసుకుని తెల్లాపూర్ వైపు విల్లా కొనాలని ఉంది. నాతో చదివినవాళ్లలో చాలామంది కొనేశారు. డాలస్‌లో ఉన్న మా చిన్నాన్న కొడుకు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో వాళ్ల ఇల్లు చూపిస్తుంటాడు.

ప్రైవేటు స్కూల్లో టీచరుగా పనిచేసే నా భార్య "మీకు అత్యాశ పట్టుకుంది" అంటోంది. నాన్నగారు "దురాశ దుఃఖానికి చేటు" అని ఊరుకున్నారు. నా భార్యకు తెలియని సంగతి ఒకటుంది. ఏడాదికి పైగా షేర్ మార్కెట్‌లో ఆప్షన్స్ ట్రేడింగ్ (ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్నదాని మీద పందెం లాంటి వ్యాపారం) చేసి 3,60,000 పోగొట్టుకున్నాను. మేనకోడలి బీటెక్ ఫీజుకు ఈ ఏడాది 1,20,000 సర్దమని అక్క అడిగితే "చూద్దాం" అన్నాను. అన్నప్పటి నుంచి నాకే ఎలాగో ఉంది. మా తొమ్మిదేళ్ల అబ్బాయి "మనం డబ్బున్నవాళ్లమా నాన్నా?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. లాటరీ తగిలినవాళ్లు కూడా ఏడాది తిరిగేసరికి మామూలైపోతారని ఎక్కడో చదివాను. డబ్బు పెరిగే కొద్దీ సంతోషం పెరుగుతుందా, ఆశ పెరుగుతుందా? కంపెనీకి పది రోజుల్లో జవాబివ్వాలి.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: మీరు అడిగిన ప్రశ్న ఒక్కటే అయినా, ఉత్తరంలో విడివిడిగా చూడవలసిన సంగతులు చాలా ఉన్నాయి. అన్నింటినీ "అత్యాశ" అన్న ఒక్క మాట కింద చేర్చడం వల్లనే మీ ఇంట్లో ఈ వాదన తెగడం లేదని నాకు అనిపించింది. మంచి జీతం కోసం ఉద్యోగం మారాలనుకోవడం అత్యాశ కాదు. తెల్లాపూర్ ఇల్లు అత్యాశ కన్నా ఎక్కువగా లెక్క సరిగా వేసుకోకపోవడం. ట్రేడింగ్ విషయంలో మాత్రం మీ శ్రీమతి అన్న మాటే నిజం, ఆ సంగతి ఆవిడకు ఇంకా తెలియకపోయినా.

డబ్బు వల్ల సంతోషం రాదని నేను మీకు చెప్పబోవడం లేదు. అలా చెప్పేవారిలో ఎక్కువమంది నెలాఖరున కిరాణా కొట్టు ఖాతా చూసి భయపడవలసిన అవసరం లేనివారే. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. ఒక ఉపాధ్యాయుడి జీతం మీద అలాంటి అప్పు ఎనిమిదేళ్లు కూర్చుంటే ఆ ఇంట్లో ఎన్ని పండగలు చప్పగా గడిచి ఉంటాయో నాకంటే మీకే బాగా తెలుసు. ఆ ఇంటి నుంచి వచ్చిన మీరు అమ్మగారి మోకాళ్లకు ఎవరి గుమ్మమూ తొక్కకుండా ఆపరేషన్ చేయించగలిగారు. ఆవిడ మెట్లెక్కి మేడ మీద వడియాలు పెట్టుకుంటున్నారంటే అది డబ్బు తెచ్చిన సంతోషమే. దానికి ఇంకో పేరు వెతకనక్కరలేదు. మీ నాన్నగారు చెప్పిన సామెత నిజమే కానీ, ఆయన ఆ అప్పు చేసింది దురాశతో కాదు, డబ్బు లేక. ఆ రెండూ దుఃఖానికి దారి తీస్తాయి.

2009లో ఎక్కువ సంతోషంగా ఉండేవాణ్ణని రాశారు. ఆ సంతోషాన్ని అప్పటి జీతం ఖాతాలో వేయకండి. అప్పుడు మీ వయసు 23. ఇంటికి మొదటిసారి డబ్బు పంపగలుగుతున్నానన్న గర్వం ఉంది. ఎదుగుదల అంతా ముందే ఉంది. ఆదాయపు పన్ను శాఖ ఏటా ప్రకటించే ధరల సూచీ 2009-10లో 148 ఉంటే, 2025-26లో 376 ఉంది. ఆ లెక్కన అప్పటి 18,000 ఇప్పటి 45,700 రూపాయలకు సమానం. ఇవాళ పన్ను పోగా, పీఎఫ్‌కు పోయేది కూడా మీ పొదుపే కాబట్టి దాన్నీ కలుపుకుంటే, మీకు మిగులుతున్నది నెలకు సుమారు 1,99,000. ధరల పెరుగుదల తీసేసినా మీ రాబడి నాలుగు రెట్లకు పైగా పెరిగింది. సంతోషం నాలుగు రెట్లు కాలేదన్నది మీ బాధ అయితే, అది ఎవరికీ అలా పెరగదు.

ఈ విషయం మీద పరిశోధకులు యాభై ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. ఒకే దేశంలో ఒకే కాలంలో చూస్తే ధనికులు పేదలకంటే సంతోషంగా ఉన్నామని చెబుతారు గానీ, ఏళ్లు గడిచి దేశం మొత్తం ధనవంతమైనప్పుడు జనం సంతోషం ఆ మేరకు పెరగడం లేదని 1974లో అమెరికా ఆర్థికవేత్త రిచర్డ్ ఈస్టర్లిన్ రాశారు. 2010లో డేనియల్ కానమన్, ఆంగస్ డీటన్ అనే ఇద్దరు పండితులు అమెరికాలో సేకరించిన దాదాపు నాలుగున్నర లక్షల జవాబులను పరిశీలించి, ఏడాదికి 75,000 డాలర్లు దాటాక రోజువారీ ఉల్లాసం ఇక పెరగడం లేదన్నారు. తరవాత పత్రికలన్నీ పట్టుకున్నది ఆ అంకెనే. అదే అధ్యయనంలో ఉన్న రెండో సగాన్ని చాలామంది వదిలేశారు: మనిషి తన జీవితం మొత్తాన్ని తలచుకుని ఎలా ఉందో చెప్పమన్నప్పుడు ఇచ్చే మార్కులు మాత్రం ఆదాయంతో పాటు ఆ పైన కూడా పెరుగుతూనే వచ్చాయి. 2021లో మాథ్యూ కిలింగ్స్‌వర్త్ అనే పరిశోధకుడు, రోజువారీ ఉల్లాసం కూడా 75,000 దగ్గర ఆగడం లేదని చూపించాడు. విశేషమేమిటంటే, వయసులోను పేరులోను ఎంతో పెద్దవాడైన కానమన్ ఆ యువకుడితో తగవు పెంచుకోకుండా, బార్బరా మెల్లర్స్ అనే మరో పరిశోధకురాలు మధ్యవర్తిగా ఇద్దరూ కలిసి అదే సమాచారాన్ని మళ్లీ పరిశీలించి 2023లో ఉమ్మడిగా ఫలితం అచ్చు వేశారు. ఎక్కువమందిలో ఆదాయంతో పాటు ఉల్లాసం పెరుగుతూనే పోతుంది. అందరికంటే దిగులుగా ఉండే అయిదో వంతు మందిలో మాత్రం దాదాపు లక్ష డాలర్ల దాకా పెరిగి అక్కడ ఆగిపోతుంది. లేమి వల్ల వచ్చిన బాధను డబ్బు తీరుస్తుంది, మరో కారణంతో వచ్చిన బాధ దగ్గర దాని శక్తి చాలదన్నమాట. ఆ డాలర్ల అంకెలను రూపాయల్లోకి మార్చి మీ జీతంతో పోల్చుకోకండి; అవి అమెరికా అద్దెలకు, అక్కడి వైద్యం ఖర్చులకు సంబంధించినవి.

మీరు చదివిన లాటరీ సంగతీ ఇలాంటిదే. ఆ మాటకు మూలమైన 1978 నాటి అధ్యయనంలో ఉన్న విజేతలు 22 మంది మాత్రమే. స్వీడన్‌లో లాటరీ గెలిచినవారి మీద అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద అధ్యయనం ఒకటి 2020లో వెలువడింది. పెద్ద మొత్తం గెలిచినవారిలో జీవితం పట్ల తృప్తి పదేళ్లు దాటాక కూడా నిలిచే ఉందని, రోజువారీ ఉల్లాసంలో మాత్రం తేడా తక్కువేనని అందులో తేలింది.

ఈ అధ్యయనాల్లో మీకు పనికివచ్చేవి రెండు సంగతులు. డబ్బు పెరుగుదలను మనసు రూపాయల్లో కొలవదు, రెట్లలో కొలుస్తుంది. నెలకు 20,000 వచ్చే మనిషికి 28,000 అయితే కలిగే సంతోషమే మీకు కలగాలంటే 2,00,000 కాస్తా 2,80,000 కావాలి. పెరిగిన మొత్తం పది రెట్లు, పెరిగే సంతోషం ఒక్కటే. రెండోది ఇంకా ముఖ్యం: జీవితాన్ని తూచుకున్నప్పుడు కలిగే తృప్తి వేరు, రోజు గడిచే తీరు వేరు. జీతం మొదటిదాన్ని పెంచుతుంది. రెండోది మీ గంటలు ఎలా గడుస్తున్నాయి, ఎవరితో గడుస్తున్నాయి అన్నదాని మీద ఆధారపడుతుంది. మీకు వచ్చిన ఉద్యోగం మొదటిదాన్ని పెంచడానికి రెండోదాన్ని అడుగుతోంది. అడగడం తప్పు కాదు, అన్ని ఉద్యోగాలూ అడుగుతాయి. ఎంత ధరకు అడుగుతోందన్నది మాత్రం మీరు ఇంతవరకూ చూసుకోలేదు.

ఆ ధర ఇద్దరం కలిసి లెక్క వేద్దాం. 28 నుంచి 42కు పెరిగేది 14 లక్షలు. కొత్త పన్ను విధానంలో ఈ 14 లక్షలూ 30 శాతం శ్రేణిలోనే పడతాయి. సెస్సుతో కలిపితే 31.2 శాతం. దాదాపు 4,37,000 ప్రభుత్వానికి పోగా మీకు మిగిలేది 9,63,000, అంటే నెలకు 80,000 చిల్లర. దీనికి బదులుగా రోజుకు మూడు గంటల కాల్స్, ఒక గంట ప్రయాణం అదనంగా ఇస్తున్నారు. నెలకు 22 పనిదినాలు అనుకుంటే 88 గంటలు. భాగిస్తే గంటకు 900 రూపాయల పైచిలుకు. ఇప్పుడున్న ఉద్యోగం సంగతి చూడండి: నెలకు 1,99,000, రోజుకు పది గంటల చొప్పున 220 గంటలు, గంటకు మళ్లీ అదే 900 పైచిలుకు. జీతం సగానికి సగం పెరుగుతోందని మీరు సంబరపడుతున్నారు గానీ మీ గంట ధర పెరగలేదు. ఎక్కువ గంటలు అమ్ముతున్నారు, అంతే. అందులోనూ అమ్ముతున్నవి ఏ గంటలు? రాత్రి ఎనిమిదికి పిల్లవాడు అన్నం తింటాడు, తొమ్మిదికి హోంవర్కు ముగించుకుని స్కూల్లో జరిగింది చెబుతాడు, ఆ తరవాత మీరూ మీ శ్రీమతీ రోజు మొత్తంలో మొదటిసారి కాసేపు కూర్చుంటారు. పగటి గంటకూ ఈ గంటకూ ఒకే ధర కట్టడం ఏ వ్యాపారి దృష్టితో చూసినా నష్టమే. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి ఇవ్వాలని మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. ఆ చట్టం మీలాంటివారికి వర్తించకపోవచ్చు గానీ, దాని వెనక ఉన్న ఆలోచన వర్తిస్తుంది.

ఇక విల్లా. 8.5 శాతం వడ్డీతో కోటి రూపాయల లోను 20 ఏళ్లలో తీర్చాలంటే నెలవారీ కిస్తీ దాదాపు 86,800 అవుతుంది. కొత్త ఉద్యోగంతో మీకు అదనంగా మిగిలేది 80,000. పెరిగిన జీతం మొత్తం ఆ ఇంటికే పోగా ఇంకా ఆరు, ఏడు వేలు తక్కువ పడతాయి. రిజిస్ట్రేషన్ ఖర్చు, నెలనెలా మెయింటెనెన్స్, పెద్ద ఇంటికి తగ్గ సామాను ఇంకా లెక్కలోకి రాలేదు. కొత్త పన్ను విధానంలో మనం ఉండే ఇంటి లోను వడ్డీకి మినహాయింపు కూడా లేదు. 20 ఏళ్లలో మీరు కట్టే వడ్డీ కోటీ ఎనిమిది లక్షలు. అది తీరేసరికి మీకు 59 ఏళ్లు. అంటే రోజుకు నాలుగు గంటలు ఎక్కువ పనిచేసి, ఇప్పటికంటే తక్కువ డబ్బు చేతిలో పెట్టుకుని, మీరు రాత్రి పదకొండు దాకా హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక గదిలో కూర్చోవడానికి ఆ విల్లా కొంటున్నారు. అప్పు లేని ఇంటిని అప్పున్న ఇంటితో మార్చుకోవడం ఎంత బరువో మీకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు.

ఆ ఇల్లు ఎందుకు కావాలో మీరు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఉన్న ఫ్లాట్ చాలడం లేదని రాయలేదు, అమ్మానాన్నలను తెచ్చి ఉంచుకోవాలనీ రాయలేదు. "నాతో చదివినవాళ్లు కొనేశారు" అని మాత్రం రాశారు. కొన్నవారి గృహప్రవేశం ఫొటోలు బ్యాచ్ గ్రూపులో వస్తాయి. కొననివారు తాము కొనలేదని అందులో పోస్టు పెట్టరు కాబట్టి అందరూ కొన్నట్టే కనిపిస్తుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొందరిని ఒక ప్రశ్న అడిగి, ఆ జవాబులను 1998లో ప్రచురించారు. మీకు 50,000 డాలర్లు, మిగతావారికి 25,000 వచ్చే లోకం కావాలా, మీకు లక్ష, మిగతావారికి రెండు లక్షలు వచ్చే లోకం కావాలా అంటే, దాదాపు సగం మంది మొదటిదే కోరుకున్నారు. సగం డబ్బు వదులుకోవడానికైనా సిద్ధపడ్డారు, పక్కవాడికంటే పైన ఉంటే చాలునని. అదే ప్రశ్న సెలవుల గురించి అడిగినప్పుడు ఎక్కువమంది పక్కవాడి సంగతి పట్టించుకోకుండా తమకు ఎక్కువ సెలవులు వచ్చే లోకమే కావాలన్నారు. ఈ తేడా మీరు గమనించాలి. ఇంటిని, కారును, జీతాన్ని మనం ఇతరులతో పోల్చి అనుభవిస్తాం. ఖాళీగా ఉన్న సాయంత్రాన్ని అలా పోల్చుకోకుండానే అనుభవిస్తాం. డాలస్‌లో ఉన్న మీ తమ్ముడు వీడియోలో ఇల్లు చూపించగలడు గానీ తనకు దొరికే తీరిక చూపించలేడు.

మీరు అడిగిన అసలు మాటకు వస్తాను. ఆశ ఎక్కడ అత్యాశ అవుతుందంటే, నా ఉద్దేశంలో, మొత్తాన్ని బట్టి కాదు. రాబోయే లక్ష రూపాయలు దేనికో మనిషి ముందే చెప్పగలిగితే, ఆ లక్ష కోసం ఎంత కష్టపడినా దాన్ని అత్యాశ అనను. అమ్మగారి మోకాళ్లకు అని మీరు ఒకప్పుడు చెప్పగలిగారు. ముందు డబ్బు కావాలనుకుని, దానికి కారణం తరవాత వెతుక్కోవడం మొదలైతే అక్కడ జాగ్రత్త పడాలి. ఆ డబ్బుకు మూల్యం మనం కాక మన ఇంట్లో ఇంకొకరు, వారిని అడగకుండానే, చెల్లించవలసి వస్తే ఇంకా జాగ్రత్త పడాలి. నెలకు 20,000 తెచ్చుకుంటూ, పిల్లల ఫీజులకు బంగారం తాకట్టు పెట్టుకుంటున్న తల్లి ఎవరైనా ఇదే ప్రశ్న అడిగి ఉంటే, రాత్రి పని అయినా సరే ఆ ఉద్యోగంలో చేరమ్మా, ఇంట్లో అందరూ సర్దుకుంటారు అని ఒక్క వాక్యంలో రాసేవాణ్ణి. మీ పరిస్థితి అది కాదు.

ఆప్షన్స్ సంగతి. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, ఖర్చులతో కలిపి ఒక్కొక్కరి సగటు నష్టం సుమారు 2 లక్షలని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. వరుసగా నష్టపోతున్నవారిలో కూడా నూటికి 75 మందికి పైగా ఆపకుండా కొనసాగించారని అదే నివేదిక చెప్పింది. మొదటి నష్టం అత్యాశ వల్ల వచ్చిందో తెలియనితనం వల్ల వచ్చిందో చెప్పలేం. పోయినదాన్ని రాబట్టుకుందామని రెండోసారి కూర్చోవడం మాత్రం పేకాటలో అందరూ చేసేదే. మీకు ఆ డబ్బు అవసరం లేదు. అందుకే అది ప్రమాదం: అవసరం ఉన్నవాడు ఎక్కడో ఒకచోట చాలనుకుంటాడు, అవసరం లేనివాడికి చాలనుకునే చోటు ఉండదు. ఆ ఖాతా ఈ వారమే మూసేయండి. మూసే ముందు ఇంకొక్కసారి ప్రయత్నించి కొంతైనా రాబట్టుకుని అప్పుడు చెబుదామనే ఆలోచన మీకు తప్పక వస్తుంది, దానికి లొంగకండి. 3,60,000 పోయిందని మీ శ్రీమతికి చెప్పండి, కంపెనీకి జవాబు ఇవ్వడానికి ముందే చెప్పండి. ఆవిడ కోప్పడతారు, బహుశా కొన్ని రోజులు మాట్లాడరు. ఉద్యోగం వద్దని ఆవిడ అంటున్నది మీ ముఖంలో ఏదో మార్పు చూసే గానీ జీతం అంకె చూసి కాదని నాకు అనిపిస్తోంది. ఈ సంగతి దాచి ఉంచి మీరిద్దరూ ఆ ఉద్యోగం మీద తీసుకునే నిర్ణయం ఏదైనా సగం సమాచారంతో తీసుకున్నదే అవుతుంది. నెలకు ఇంత అని పొదుపు చేసే పద్ధతులు వేరు, వాటిని మానమని నేను అనడం లేదు.

పోయిన ఆ మొత్తం మీ మేనకోడలికి మూడేళ్ల ఫీజుతో సమానమని మీరు గమనించారో లేదో. 18,000 వచ్చే రోజుల్లో అందులో మూడో వంతు ఇంటికి పంపిన మనిషి, ఇవాళ ఏడాది మొత్తం మీద మిగిలేదాంట్లో 5 శాతం ఇవ్వడానికి "చూద్దాం" అన్నాడు. మీ ఉత్తరంలో నన్ను అన్నింటికంటే ఎక్కువ ఆపింది ఆ వాక్యం. మిమ్మల్ని నిందించడానికి అనడం లేదు. మీకే ఎలాగో ఉందని రాశారంటే మీ లోపలి మనిషి ఇంకా మారలేదు. అప్పుడు మీ ముందు ఉన్నది ఇంటి అవసరం, ఇప్పుడు మీ ముందు ఉన్నది విల్లా ధర. విల్లాతో పోల్చి చూస్తే ఏ లక్షా మిగులు కాదు, అన్నీ లోటుగానే కనిపిస్తాయి. 2008లో అచ్చయిన ఒక అధ్యయనంలో, కెనడాలో ఎలిజబెత్ డన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు కొందరికి 5 డాలర్లు, కొందరికి 20 డాలర్లు ఇచ్చి, సాయంత్రంలోగా సగం మందిని తమ మీద, సగం మందిని ఇంకొకరి మీద ఖర్చు చేయమన్నారు. ఇంకొకరి మీద ఖర్చు చేసినవారే ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు తేలింది, మొత్తం ఎంతన్నది లెక్కకు రాలేదు. మీకు 2009 నాటి సంతోషం మీద బెంగ ఉంది కదా. దానిలో కొంత భాగం ఆ నెలనెలా పంపిన 6,000దే అయి ఉండవచ్చు. అక్కగారికి ఫోన్ చేసి ఫీజు నేను కడతానని చెప్పండి. అప్పుగా అనకండి, ఎప్పుడు ఇస్తావని అడగకండి. మీ శ్రీమతికి చెప్పి చేయండి. ఆవిడ కాదంటారని నేను అనుకోను.

అబ్బాయికి ఉన్నవాళ్లమే అని నిజం చెప్పండి. తొమ్మిదేళ్ల పిల్లవాడికి జీతం అంకె అక్కరలేదు. నానమ్మ ఆపరేషన్‌కు, నీ చదువుకు, అత్త కూతురి చదువుకు సరిపోయేంత ఉంది, అడిగినదల్లా కొనేంత లేదు అంటే వాడికి అర్థమవుతుంది. పేదవాళ్లమని అబద్ధం చెప్పి పొదుపు నేర్పాలని చూసే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. పిల్లలు ఆ అబద్ధాన్ని తొందరగానే పసిగడతారు, ఆ తరవాత డబ్బు గురించి పెద్దవాళ్లు ఏం చెప్పినా నమ్మరు.

ఇక పది రోజుల గడువు. విల్లా ఆలోచనను ఈ నిర్ణయంలోంచి పూర్తిగా తీసేయండి. ఆ బరువు లేకపోతే 42 లక్షలు రాకపోయినా మీకు వచ్చే ఇబ్బంది ఏదీ కనిపించడం లేదు. అలాంటి మనిషి బేరం బాగా ఆడగలడు. కొత్త కంపెనీకి మర్యాదగా రాయండి: పని నచ్చింది, చేరడానికి సిద్ధం, అయితే రాత్రి కాల్స్ వారానికి రెండు రోజులకు మించకూడదు, ఆ మాట నియామక పత్రంలో ఉండాలి. 42 లక్షలకే దానికి ఒప్పుకుంటే అదనపు గంటలు నెలకు 88 నుంచి దాదాపు 48కి తగ్గి, మీ అదనపు గంటకు ధర 900 నుంచి దాదాపు 1,670కి పెరుగుతుంది; సందేహించకుండా చేరండి. కాల్స్ తగ్గిస్తాం గానీ జీతం కూడా తగ్గిస్తామంటే 36 లక్షల దాకా దిగవచ్చు. అప్పుడు కూడా గంటకు 950 పడుతుంది, వారంలో మూడు సాయంత్రాలు మీవే ఉంటాయి. అంతకంటే కిందికి దిగకండి. "నోటిమాటగా సర్దుకుందాం, రాతలో ఇవ్వలేం" అంటే అయిదు రోజులూ కాల్స్ ఉంటాయనే దానికి అర్థం. అప్పుడు కృతజ్ఞతలు చెప్పి వద్దని రాయండి. ఆ తరవాత ఇప్పుడున్న కంపెనీలో మీ పై అధికారితో కూడా ఒకసారి మాట్లాడండి. బయట 42 లక్షల ధర పలికిన ఉద్యోగికి ఇంట్లో ఎంత పెంచగలరో అడగడంలో అత్యాశ ఏమీ లేదు, ఆ పెంపుకు మీ సాయంత్రాలు కూడా ఇవ్వనక్కరలేదు.